పేపర్లో లేని పెద్దది

"మీ అక్కగారు ఏ వయసులో పోయారు మేడం?" అని అడిగింది ఆ అమ్మాయి, కాఫీ గ్లాసు కింద పెట్టి. పేరు కావ్య, కుప్పం దగ్గర ఏదో పల్లె. మన సరిహద్దు జిల్లాల్లో ఒకప్పుడు పుట్టి పోయిన చిన్నాచితకా తెలుగు పత్రికల మీద పరిశోధన చేస్తోందట. కె.జి.ఎఫ్. రాబర్ట్‌సన్‌పేటలో ఎప్పుడో మూతపడిన ఒక ప్రెస్సు వాళ్ళ అటక మీద, మా నాయన వారం వారం రాసిన 'మా ఇంటి వారం' శీర్షిక మొత్తం దొరికిందట. అన్నీ ఫోనులో ఫోటోలు తీసుకుని, పుస్తకంగా వేద్దామని అనుమతి అడగడానికి కోలారులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "మొదట్లో ప్రతి వారం 'మా పెద్దది', 'మా చిన్నది' అని ఇద్దరు ఆడపిల్లలు ఉంటారు మేడం. ఒక వారం నుంచి పెద్దది కనపడదు. మళ్ళీ చివరిదాకా ఎక్కడా లేదు. ఆ దుఃఖం గురించి ఆయన ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకు అదే చాలా గొప్పగా అనిపించింది," అంది. మా నాయన శీర్షికలో మాకు పేర్లు ఉండేవి కావు. అందుకని ఎదురుగా బతికి కూర్చున్న నన్ను చూసి ఆ పిల్ల చిన్నది అనుకుంది.

నిజానికి పోయింది చిన్నది. మా వనజ పోయి ఇంకా రెండేళ్ళు కాలేదు. ఆ పెద్దదాన్ని నేను. నోరు తెరిచి ఆ మాట చెప్పాలా వద్దా? చెప్పలేదు. "చాలా కాలమైందమ్మా" అన్నాను. హైస్కూలు పిల్లలకు అబద్ధమాడితే గోడకుర్చీ వేయించి, ఆ ఉద్యోగంలోనే రిటైరైన మనిషిని, నా ఇంట్లో నా కుర్చీలో కూర్చుని నేను చచ్చిపోయానని నేనే ఒప్పుకున్నాను. ఆ పిల్ల పాపం కళ్ళు తుడుచుకుంది. ఆమె వెళ్ళాక గ్లాసులు కడుగుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇప్పుడు చెప్పకపోతే రేపు పుస్తకంలో అచ్చవుతుంది, అప్పుడు నేను నిజంగానే చచ్చినట్టు. నేను కథలు రాస్తాను. నా కథల్లో నేనెన్నడూ కాలు పెట్టని గోదావరి ఊళ్ళు కూడా ఉంటాయి గానీ కె.జి.ఎఫ్. ఉండదు, మా ఇల్లు ఉండదు. ఎందుకని అడిగినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. వాళ్ళకూ ఆ పిల్లకూ నోటితో చెప్పలేని సంగతి ఇది.

మా నాయన బంగారు గని టైం ఆఫీసులో రైటరు. రైటరంటే అక్కడ గుమాస్తా. ఎవరు ఏ షిఫ్టుకు కిందికి దిగారు, ఎవరు పైకి వచ్చారు అని రాసుకునే పని. ఛాంపియన్ రీఫ్ వైపు లైన్లలో మా ఇల్లు. లైనంటే ఒకే రేకు కప్పు కింద వరసగా ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ నడుమ వెదురు తట్టి గోడ. మా ఇంట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్మేవాళ్ళు. ఒక పక్క మునెమ్మ, మొగుడు గనిలోనే పోయాడు, నాలుగు మేకలు పెట్టుకుని బతికేది. రెండో పక్క సెల్వియక్క, అరవావిడ, తెలుగు తనకు తోచినట్టు మాట్లాడేది. సైరను పట్టుకుని లేవడం, సైరను పట్టుకుని వండడం. కింద ఎక్కడో రాయి పగిలిందంటే అటక మీద గిన్నెలు గలగలమనేవి, ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే ఉంచుకుని వాకిట్లోకి వచ్చి గనిలోకి దిగే షాఫ్టు వైపు చూసేవాళ్ళు. గాలి లేచిన రోజు బంగారం తీశాక పోసిన సైనైడ్ దిబ్బల మీది దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. అమ్మ ఆ వాసన పసిగట్టి, గాలి కంటే ముందే బట్టలు తీసేది, నీళ్ళ బిందెల మీద పళ్ళేలు మూసేది. సంగటి ముద్ద చేసేటప్పుడు చేయి తడుపుకుని, ముద్దను ఒకసారి ఎగరేసి పట్టుకోవడం ఆమె అలవాటు. ఎందుకే అని నాయన అడిగితే, "సుమ్మనే" అనేది, ఊరికే అని. ఒక వానాకాలం కామెర్లు వచ్చి పోయింది. నాకు పన్నెండు నిండాయి, వనజ ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల.

అమ్మ పోయాక మా నాయన ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ప్రెస్సు నడిపే ఆయన నాయనకు స్నేహితుడు, నాలుగు పేజీల తెలుగు వారపత్రిక వేసేవాడు. "నోటితో చెప్పుకోలేకపోతే రాయప్పా, ఎవరూ చదవకపోతే పోనీ" అన్నాడట. మా నాయన నోట్లో నువ్వు గింజ నానేది గానీ కలంలో నానేది కాదు. మొదటి వారమే, భార్య పోయాక ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక ఇల్లంతా వెతికి, చివరికి చప్పిడి పప్పు పిల్లలకు పెట్టి, బాగుందా అని అడిగితే ఇద్దరూ బాగుందన్నారని, అప్పుడు తనకు ఏడుపు వచ్చిందని రాశాడు. ఎవరూ చదవకపోవడమేమిటి, లైన్లన్నీ చదివాయి. చదవడం రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివి వినిపించారు. తెలుగు రానివాళ్ళకు అరవంలోకి మార్చి మరీ చెప్పారు.

రాత్రి షిఫ్టు లేని రోజుల్లో సాయంత్రం పొయ్యి ముందు పీట వేసుకుని, బియ్యం పడేసి, ఉడికేదాకా కూర్చోవాలి కాబట్టి ఆ కూర్చున్న పూటే రాసేవాడు. కాగితాలకు గంజి వాసన. ఒక్కోసారి చుక్క పడి సిరా అలుక్కుపోయేది. అన్నం మాడిందంటే ఆ వారం బాగా వచ్చిందని మేము అర్థం చేసుకునేవాళ్ళం. రాసింది మాకు చదివి వినిపించేవాడు కాదు, దాచేవాడూ కాదు. శనివారం పేపరు వచ్చేది. శనివారం సాయంత్రం కొళాయి దగ్గరికి బిందె తీసుకుపోవాలంటే నేను వంకలు వెతికేదాన్ని. "ఏం పాపా, నీ జడ ఇంగా వంకరగానే ఉండాదే, మీ నాయన నేర్చుకున్నానని రాసినాడు?" అని ఒకరు. "చారులో చింతపండు మరిచిపోయినాడంట గదా, నేనిచ్చి పంపేదా?" అని ఇంకొకరు. ఎగతాళి కాదు అది. నిజంగానే చింతపండు వచ్చేది, వడియాలు వచ్చేవి, వనజకు చిన్నదైన గౌను విప్పి పెద్దది చేసి ఇచ్చిన చేయి ఎవరిదో కూడా మాకు తెలిసేది కాదు. వనజకు ఇదంతా పండగ. నాకు మాత్రం ఒక్కో గిన్నె గుమ్మం దాటి వచ్చినప్పుడల్లా తల కొట్టేసినట్టుండేది. మా నాయన శనివారం శనివారం పేపరెక్కి బిచ్చమెత్తుతున్నాడని నా లెక్క.

ఒక వారం మా తలల్లో పేల గురించి రాశాడు. ఆదివారం పగలంతా మమ్మల్ని ముందు కూర్చోబెట్టుకుని, దువ్వెనతో ఎలా తీశాడో, వేపనూనె వాసనకు చిన్నది ఎలా ముక్కు మూసుకుందో, పెద్దది ఎలా తిట్టిందో, అంతా పూస గుచ్చినట్టు. సోమవారం బడిలో నా పక్కన కూర్చునే పిల్ల జరిగి కూర్చుంది. ఇంటికి వచ్చి పుస్తకాల సంచి విసిరేసి, "నువ్వు ఇంకోసారి నా గురించి రాస్తే బావిలో పడతా" అన్నాను. మా నాయన ఆ సంచి తీసి గోడకు తగిలించి, "పేలు ఇద్దరికీ ఉండాయి కదమ్మా, చిన్నదాని పేలు మాత్రం రాస్తే బాగుంటుందా?" అన్నాడు. ఆయనతో ఎలా వేగడం? గని గేటు దగ్గర పైకి వచ్చిన ప్రతి మనిషినీ ఆపి, ఒళ్ళంతా తడిమి, నోరు తెరిపించి చూసి గానీ బయటికి వదిలేవాళ్ళు కాదు, బంగారం ఒక పలుకు కూడా దాటకూడదని. మా ఇంటికి అలాంటి గేటు ఒకటి ఉంటే ఎంత బాగుండు అనుకునేదాన్ని.

ఆ మరుసటి వేసవి మొదట్లో నేను పెద్దమనిషినయ్యాను. మామూలుగా అయితే అది ఇల్లంతా తీపి చేసుకునే సంగతి. నాకు ఎవరికి చెప్పాలో తెలియలేదు. వంటింట్లో కట్టెలు పేర్చే మూల ఉంది, అక్కడ ఒక చాప వేసుకుని గోడకు తిరిగి కూర్చున్నాను. బడికి పోలేదు. నాయన కడుపు నొప్పా అన్నాడు, జ్వరమా అన్నాడు, నుదురు తాకబోతే "ముట్టుకోవద్దు" అని అరిచాను. అప్పుడు ఆయనకు అర్థమైంది. అర్థమైన మనిషి రెండడుగులు వేసి మునెమ్మ తలుపు తట్టవచ్చు. కానీ మొగవాడు ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడి ఆ మాట నోటితో ఎలా చెప్తాడు? వాకిట్లోకి పోయేవాడు, తట్టి గోడ దగ్గర నిలబడి దగ్గేవాడు, మళ్ళీ లోపలికి వచ్చేవాడు. మూడో రాత్రి అన్నం మాడిన వాసన వచ్చింది.

శనివారం పేపర్లో ఇలా ఉంది. "మా పెద్దది మూడు రోజులుగా వంటింటి మూల వదలడం లేదు. దాని తల్లి ఉండి ఉంటే ఈపాటికి నలుగురినీ పిలిచి ఉండేది. ఎవరిని పిలవాలో, ఏమని పిలవాలో తెలియక ఈ నాలుగు అక్షరాలు రాస్తున్నాను. చదివిన తల్లులు దయచేసి ఒకసారి మా ఇంటికి రండి." ఇంకేమీ లేదు. ఆ వారం శీర్షిక అంతే.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. సెల్వియక్క ఉద్దిపిండి, బెల్లం, నువ్వుల నూనె వేసి ఉడికించిన కళి తెచ్చి, "తిన్ను, నడుము గట్టిపడుతాది" అని నోట్లో పెట్టింది. మునెమ్మ మొగుడు పోయిన తాను ముట్టుకోకూడదని గుమ్మం బయటే కూర్చుని, పసుపు ఎంత వేయాలి, ఎటువైపు తిరిగి కూర్చోవాలి అని లోపలివాళ్ళకు చెప్తూనే ఉంది. ఎవరో పాత చీర తెచ్చారు, ఎవరో పూలు తెచ్చారు. మా నాయన వనజను ఎత్తుకుని వీధి చివర నిలబడిపోయాడు. అంతమంది చేతుల మధ్య నేను కళ్ళు తెరవలేదు. నేను మూలన కూర్చున్న సంగతి గనిలో దిగేవాళ్ళకు తెలుసు, కొళాయికి తెలుసు, బడికి తెలుసు. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా మెడ వంగిపోతోంది.

అయితే మా నాయన ఇంకో పెద్ద తప్పు చేశాడు. ఆ కబురు ముందు మేనమామకు పోవాలి. మనిషిని పంపి, ఆకూవక్కా చక్కెరా ఇచ్చి, నోటితో చెప్పించాలి. మేనమామ పచ్చి కొబ్బరి మట్టలతో గుడిసె కట్టాలి, చీర తేవాలి, ఆ తర్వాతే ఎవరైనా ఏమైనా చేయాలి. మా అమ్మ పుట్టిల్లు టేకల్ దగ్గర. అమ్మమ్మ ఉంది, మేము అవ్వ అనేవాళ్ళం. అమ్మకు ఒక్కడే తమ్ముడు, మా మామ. రాగులు, నాలుగు ఆవులు, పట్టుపురుగులు. ఆయన పట్టుగూళ్ళు అమ్మడానికి కోలారు మార్కెట్టుకు పోతే ఎవరో వ్యాపారి, "ఏమప్పా, మీ మేనకోడలు పెద్దమనిషి అయిందంట, పేపర్లో వేసినారు, నువ్వు ఈడనే ఉండావే?" అన్నాడట. సొంత మేనకోడలి కబురు బజార్లో పరాయివాడి నోట విన్నాడు. గూళ్ళు తూకానికి పెట్టకుండానే వెనక్కి తిరిగాడు.

మరునాడు అవ్వా మామా దిగారు. అవ్వ లోపలికి వచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా నిలబడి, "మేనమామకు చెప్పాల్సిన మాట అంగట్లో పెట్టి అమ్ముకుంటివా అప్పా? మేము చచ్చినామా?" అంది. నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చెప్పేదానికి నోరు రాలేదత్తా" అన్నాడు. "నోరు రాలేదు, చెయ్యి వచ్చిందా? ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా?" అంది అవ్వ. మామ గుమ్మం దగ్గర కూర్చుని తువ్వాలు మొహానికి పెట్టుకున్నాడు. "మా అక్క పోయినాక ఆమెకని నేను చేసేది ఇదొక్కటే మిగిలుండె బావా. అది కూడా నాకు లేకుండా చేసినావు" అన్నాడు. అంత పెద్ద మనిషి ఏడవడం చూసి వనజ కూడా ఏడుపు మొదలుపెట్టింది. అవ్వ తెగేసి చెప్పింది, ఆడపిల్లలిద్దరినీ తీసుకుపోతానని, ఈ మనిషి దగ్గర ఉంటే వీళ్ళ బతుకు సంతలో పడుతుందని. నాయన మొట్టమొదటిసారి తలెత్తి, "చిన్నది నన్ను విడిచి నిద్రపోదత్తా. పెద్దదాన్ని అడగండి. అది ఎట్ల అంటే అట్ల" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. "నన్ను తీసుకుపో మామా. ఈడుంటే నేను సిగ్గుతో చస్తా" అన్నాను. మా నాయన ఎదురుగానే అన్నాను. ఆయన లేచి నా బట్టలు తనే సర్దాడు. దువ్వెన, రిబ్బన్లు, పలక వయసు దాటినా నేను దాచుకున్న బలపాల డబ్బా కూడా మరిచిపోకుండా పెట్టాడు. వనజ నా పావడా పట్టుకుంది. విడిపించుకుని పోయాను.

టేకల్ నాకు హాయిగా ఉండింది, అబద్ధం ఎందుకు. ఆలస్యమైనా మామ పచ్చి మట్టలు కోసుకొచ్చి గుడిసె కట్టాడు, నీలం చీర తెచ్చాడు. అక్కడ ఇంట్లో వీధిలో అందరూ మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం కన్నడం. ఊళ్ళో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు లేరు. నాకు నాయన నేర్పాడు కాబట్టి వచ్చు. మా కోలారోళ్ళ బతుకే అంత, నోటికో భాష, పలకకో భాష. మా నాయన అక్షరాలు అక్కడిదాకా పాకి వచ్చినా నోరు లేక పడి ఉంటాయని ధైర్యం. అవ్వ పొద్దున్నే పేడ నీళ్ళు చల్లి, ఆవుల దగ్గరికి పోయి వాటికి తన కీళ్ళ నొప్పుల గురించి చెప్పుకునేది. సాయంత్రం మల్బరీ ఆకు తరిగేవాళ్ళం. ఇల్లంతా పచ్చి ఆకు వాసన, పురుగులు ఉంటాయని పోపు కూడా దూరంగా వేయాలి. మామ కోలారు పోయినప్పుడల్లా బస్టాండులో ఆ తెలుగు పేపరు అడిగి మరీ కొనుక్కొచ్చి నా చేతికిచ్చేవాడు. నేను విప్పకుండానే అటక మీద పడేసేదాన్ని. చిన్న పురుగుల తట్టల్లో కింద పరచడానికి కాగితం కావాలి కదా, అవ్వ అవే తీసి పరిచేది.

తట్టలు మార్చేటప్పుడు పాత ఆకు దులిపి కాగితం తీయాలి. ఒకరోజు అలా తీస్తుంటే 'మా ఇంటి వారం' కనిపించింది. చదవకూడదనుకుంటూనే చదివాను. వనజకు పన్ను ఊడింది, దాన్ని రేకు కప్పు మీదికి విసరబోయి సెల్వియక్క వాళ్ళ కుండలో వేశారు. అంతవరకూ నవ్వొచ్చింది. చివర్లో "మా ఇద్దరికీ సరిపోయే అన్నం వండటం నేర్చుకున్నాను" అని ఉంది. ఇద్దరికీ. ఇంకో తట్ట తీశాను. మునెమ్మ మేక ఈనింది. ఇంకోటి తీశాను. గాలి దుమారం, బట్టలు, వనజ. నేను లేను. కనీసం నేను ఊరికి పోయానని కూడా లేదు. నేను సిగ్గుతో చస్తానన్నాను కాబట్టి మా నాయన నన్ను కాగితం మీద నుంచి తీసేశాడు. నేను కోరింది అదే. మరి ఆ పురుగుల షెడ్డులో కూర్చుని అంత ఏడుపు ఎందుకు వచ్చిందో చెప్పలేను. ఆ రోజు నుంచి మామ పేపరు తేగానే లాక్కునేదాన్ని. ఎక్కడైనా 'పెద్దది' అనే మాట ఉంటుందేమోనని పై నుంచి కింది దాకా, ప్రకటనలతో సహా వెతికేదాన్ని.

మామ అది చూశాడు. "ఏం రాసినాడు పాపా మీ నాయన?" అన్నాడు ఒకరోజు. నన్ను గురించి ఒక్క ముక్క లేదని చెప్పడానికి నాకు తల కొట్టేసినట్టయింది. "నన్ను గురించే మామా. పెద్దది లేక ఇల్లు బోసిగా ఉండాది, ఎట్లుండాదో ఏమో అని రాసినాడు" అన్నాను. మామ మొహం వెలిగిపోయింది. "చూడు, నేను చెప్పలే? మనిషి మంచోడే" అన్నాడు అవ్వతో. అవ్వ మరుసటి వారం తనే, "పేపరు వచ్చెనా?" అని అడిగింది. ఇంక ప్రతి వారం నాకు అదే పని. అరుగు మీద కూర్చుని, మేక ఈనిన సంగతి ఉన్న చోట మా నాయన నా కోసం పడే బెంగను చదివి వినిపించేదాన్ని. అంత బాగా నేను మళ్ళీ ఏ కథా రాయలేదు. విని విని ఒకరోజు అవ్వే కళ్ళొత్తుకుని, "ఇంగ చాలు. పిల్లను తీసుకుపోయి చూపించుకుని రా రా, ఆ మనిషి బేజారుతో సచ్చేట్టుండాడు" అంది మామతో.

మేము పోయేసరికి సాయంత్రం. నాయన పొయ్యి ముందు పీట మీద ఉన్నాడు, ఒళ్ళో కాగితాలు. వనజ నన్ను చూసి అరిచి వచ్చి కాళ్ళకు చుట్టుకుంది. నాయన లేవబోయి, సిరాబుడ్డి తన్నుకుని, మళ్ళీ కూర్చున్నాడు. మామ గుమ్మంలో నిలబడే, "ఏం బావా, ఇంత బెంగ పెట్టుకునేవాడివి ఒకసారి టేకల్‌కు రాకూడదా? పాప గురించి నువ్వు రాసేదంతా వారం వారం మాకు సదివి చెప్తానే ఉండాది. మా అమ్మ కూడా ఏడ్చింది" అన్నాడు. నేను నేల వైపు చూశాను. భూమి పగలడం అలవాటైన ఊరే కదా, అప్పుడు మాత్రం పగల్లేదు. మా నాయన నా వైపు చూశాడని తెలుస్తోంది. సిరాబుడ్డి నిలబెట్టి, "అవునప్పా. రాస్తానే ఉండాను. రాకుండా ఎట్లుంటాను, దానికి సిగ్గని రాలేదు" అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. జీవితంలో ఆయన ఆడగా నేను విన్న ఒకే ఒక్క అబద్ధం అది, నా కోసం.

మామ తిని, సెల్వియక్క మొగుడితో మాట్లాడటానికి పక్కింటికి పోయాడు. వనజ నా ఒళ్ళోనే నిద్రపోయింది. నాయన సిరా అలుక్కుపోయిన కాగితాలు తుడిచి, కొత్త కాగితం తీసుకుని, కలం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ రాయడు. నేను గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తున్నాను. అప్పుడు అడిగాడు. "నువ్వు వచ్చినావని రాసుకునేదామ్మా?"

ఇప్పుడు మా మనవరాలు నేను ఇడ్లీ తింటుంటే కూడా ఫోటో తీసి తన స్టేటస్‌లో పెట్టేస్తుంది. పెట్టాక, "చూడవ్వా, ఎంతమంది చూసినారో" అని చూపిస్తుంది. ముందు అడగాలని దానికి తోచదు, నాకూ కోపం రాదు, ఇప్పుడు అందరి ఇళ్ళూ వీధిలోనే ఉన్నాయి. నా గురించి ఒక మాట రాసే ముందు నన్ను అడిగి, నా జవాబు కోసం కలం పట్టుకుని ఎదురుచూసిన మనిషి మా నాయన ఒక్కడే. పురుగుల తట్టల కింద నా ఊసు కోసం నెలల తరబడి వెతికినదాన్ని. రాసుకో నాయనా అని ఒక్క మాట. నా నోటికి రాలేదు. కొళాయి గుర్తొచ్చింది, జరిగి కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. "వద్దు" అన్నాను. "సరేమ్మా" అన్నాడు.

నేను మళ్ళీ టేకల్‌కు పోలేదు. ఆ శనివారం పేపరు వచ్చింది. "ఈ వారం మా ఇంట్లో విశేషమేమీ లేదు" అని మొదలుపెట్టాడు. వాన రాలేదని, వంకాయలు చౌకగా ఉన్నాయని రాశాడు. చివర్లో, "మొన్నటి నుంచి బియ్యం ఇంకో గుప్పెడు ఎక్కువ పోస్తున్నాను. ఎందుకని ఎవరూ అడగకండి" అని ఉంది. ఎవరూ అడగలేదు. కొళాయి దగ్గర ఆడవాళ్ళందరూ నన్ను చూశారు, చూసి బిందె నిండేదాకా ఊరుకున్నారు, మునెమ్మ మాత్రం నా తల నిమిరింది. నేను ఆ బిందె దించకుండానే ఇంటికి పరిగెత్తుకొచ్చి, ఆ గుప్పెడు బియ్యం కూడా లోకానికి చెప్పుకోవాలా, నేను తినే ముద్ద కూడా పేపర్లో వేయాలా అని మా నాయనతో పోట్లాడాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన నన్ను బతిమాలుకుని, నా ముద్ద సంగతి ఇంకెప్పుడూ రాయనని వనజ తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఆ తర్వాత మా నాయన అన్నం గురించే రాయలేదు.